ప్రవేశ ఇంటర్వ్యూ తర్వాత కృతజ్ఞతా లేఖ: ఎవరు రాయాలి, ఏమి రాయాలి, ఎక్కడ ఆపాలి

నమస్కారం. మీ అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోందనీ, తొమ్మిదో తరగతిలో చేరడానికి న్యూజెర్సీలోని ఒక బోర్డింగ్ పాఠశాలలో గత శనివారం ఇంటర్వ్యూ ముగిసిందనీ, అమ్మాయితో అరగంట, మీ దంపతులతో విడిగా మరికొంతసేపు మాట్లాడారనీ రాశారు. కృతజ్ఞతా లేఖ పంపకపోతే సీటు రాదని ఒక స్నేహితురాలు చెప్పడంతో మీకు ఆందోళన కలిగింది. ఆ లేఖ అమ్మాయి రాయాలా మీరు రాయాలా, ఈమెయిల్ చాలునా చేతిరాతతో కార్డు పంపాలా, దానితోపాటు ఒక కొండపల్లి బొమ్మ పంపితే బాగుంటుందా అని అడిగారు. నేను ఇక్కడి ఒక ప్రైవేటు పాఠశాలలో చాలాకాలం గణితం బోధించాను, ప్రవేశాల కమిటీలో కూర్చుని దరఖాస్తులు చదివాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: అమ్మాయి ఒక లేఖ రాయాలి, మీరిద్దరూ కలిసి మరొకటి రాయాలి, రెండూ చిన్నవిగా ఉండాలి, ఒకటి రెండు రోజుల్లో ఈమెయిల్‌లో వెళ్ళాలి, బొమ్మ మాత్రం పంపకూడదు. కారణాలు వివరంగా చెబుతాను.

ముందుగా స్నేహితురాలి మాట సంగతి. ఇంటర్వ్యూ చేసిన అధికారి సాధారణంగా ఆ రోజే, జ్ఞాపకం తాజాగా ఉండగానే, తన అభిప్రాయాన్ని రాసి దరఖాస్తు ఫైలులో చేరుస్తారు. మీ లేఖ చేరే సమయానికి ఆ పని దాదాపు అయిపోయి ఉంటుంది. తర్వాత కమిటీ ముందుకు వచ్చేవి మార్కుల పత్రాలు, ఇంగ్లీషు, గణితం ఉపాధ్యాయుల సిఫారసులు, ఎస్‌ఎస్‌ఏటీ లేదా ఐఎస్‌ఈఈ అనే ప్రవేశ పరీక్షల ఫలితాలు, పిల్లలు రాసిన వ్యాసాలు, తల్లిదండ్రుల ప్రకటన, ఆ ఇంటర్వ్యూ నివేదిక. కృతజ్ఞతా లేఖను కొన్ని పాఠశాలలు ఫైలులో ఉంచుతాయి, కొన్నిచోట్ల అది అధికారి మెయిల్‌లోనే ఉండిపోతుంది. లేఖ బాగుందని ఒక బిడ్డకు సీటు ఇవ్వడం గానీ, లేఖ రాలేదని నిరాకరించడం గానీ నేను చూడలేదు. అయినా రాయమని ఎందుకు అంటున్నానంటే, ఒక పెద్దమనిషి మీ బిడ్డ కోసం సమయం వెచ్చించి, శ్రద్ధగా ప్రశ్నలు అడిగి, ఆమె చెప్పింది విన్నారు. దానికి సమాధానంగా నాలుగు మాటలు రాయడం పదమూడేళ్ళ పిల్లకు తప్పకుండా నేర్పవలసిన మర్యాద. లేఖ వల్ల సీటు రాకపోవచ్చు గానీ, అతిగా రాసిన లేఖ మాత్రం చదివేవారి మనసులో అనుమానం కలిగిస్తుంది. జాగ్రత్త అవసరమయ్యేది అక్కడే.

మన దగ్గరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మనం పెరిగిన చోట సీటు అనగానే సిఫారసు ఉత్తరాలు, తెలిసినవారి ఫోన్లు, యాజమాన్యాన్ని ప్రసన్నం చేసుకోవడం గుర్తుకు వస్తాయి. ఆ బాధ ఎంత తీవ్రమైనదంటే, 2009 విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ క్యాపిటేషన్ ఫీజునే కాక, ప్రవేశాల కోసం పిల్లలనూ తల్లిదండ్రులనూ వడపోసే పద్ధతులను కూడా నిషేధించి, అలాంటి వడపోతకు మొదటి ఉల్లంఘనకు 25,000 రూపాయల వరకు, ఆపై ప్రతి ఉల్లంఘనకు 50,000 రూపాయల వరకు జరిమానా పెట్టింది. అమెరికాలోని ప్రైవేటు పాఠశాలలలో ఇంటర్వ్యూ బహిరంగంగా, అందరికీ తెలిసిన నియమాలతో సాగే ప్రక్రియ. మీ అమ్మాయికి ఆ పాఠశాల సరిపోతుందా, ఆమె అక్కడ సంతోషంగా చదువుకోగలదా అని ఇరుపక్షాలూ తెలుసుకోవడమే దాని ఉద్దేశం. అందువల్ల ఈ లేఖను పైరవీగా భావించి రాయకండి. ఆ భావం మనసులో ఉంటే ప్రతి వాక్యంలోనూ బయటపడుతుంది.

ఇక అమ్మాయి రాయవలసిన లేఖ. ఇది ఆమె మాటల్లోనే ఉండాలి. మీరు అక్షరదోషాలు చూడవచ్చు, పేరు సరిగ్గా రాసిందో లేదో చూడవచ్చు, అంతకుమించి చేయి పెట్టవద్దు. మేము ఎక్కువగా చూసే లేఖ ఇలా ఉంటుంది: “మీ ప్రతిష్ఠాత్మక సంస్థను సందర్శించే అవకాశం లభించడం నా అదృష్టం. మీ పాఠశాల అందించే సమగ్ర విద్య, అత్యున్నత ప్రమాణాలు, వైవిధ్యభరితమైన వాతావరణం నన్ను ఎంతగానో ఆకట్టుకున్నాయి.” ఇందులో తప్పేమీ లేదు, కానీ ఒక మనిషీ లేదు. పాఠశాల పేరు మారిస్తే ఇదే లేఖను ఎక్కడికైనా పంపవచ్చు. పైగా ఒక సంగతి చాలామంది గమనించరు. ఎస్‌ఎస్‌ఏటీలో పిల్లలు రాసే వ్యాసానికి మార్కులు వేయరు, కానీ దాని ప్రతిని పాఠశాలలకు పంపుతారు. ఐఎస్‌ఈఈ వ్యాసం విషయంలోనూ అంతే. అంటే పరీక్ష గదిలో ఎవరి సాయమూ లేకుండా మీ అమ్మాయి ఎలా రాస్తుందో పాఠశాలకు ముందే తెలుసు. ఆ వ్యాసం ఒక గొంతులోనూ, ఈ లేఖ నలభై ఏళ్ళ ఉద్యోగి గొంతులోనో, ఏఐ సాధనం గొంతులోనో ఉంటే తేడా వెంటనే కనిపిస్తుంది. వ్యాసంలో చిన్నచిన్న తప్పులున్నా ఎవరూ పట్టించుకోరు, గొంతు మారితేనే ఆలోచనలో పడతారు.

లేఖకు ప్రాణం పోసేది ఒకే ఒక్క నిర్దిష్టమైన విషయం. ఇంటర్వ్యూలో ఎక్కడ సంభాషణ ఉత్సాహంగా సాగిందో, ఏ ప్రశ్న ఇంటికి వచ్చాక కూడా ఆమెను ఆలోచింపజేసిందో అడగండి. నేను ఊహించి ఒక నమూనా ఇస్తున్నాను, ఆమె ఇంగ్లీషులో రాస్తుంది కాబట్టి భావం మాత్రమే చూడండి:

“ప్రియమైన మిస్ ఫలానా గారికి, శనివారం నాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు. మా అమ్మమ్మ నేర్పిన అష్టాచెమ్మా గురించి చెప్పినప్పుడు, గవ్వలు వేస్తే ఏ పందెం ఎక్కువగా పడుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టావా అని మీరు అడిగారు. ఆ రోజు నాకు తెలియలేదు. ఇంటికి వచ్చాక తమ్ముడూ నేనూ నాలుగు గవ్వలు వందసార్లు వేసి రాసుకున్నాం. రెండు పడడమే అన్నిటికంటే ఎక్కువగా వచ్చింది. కానీ గవ్వ నాణెంలాంటిది కాదనీ, దానికి ఒక వైపు పడడం ఇష్టమనీ అనిపిస్తోంది. ఇంకా ఎక్కువసార్లు వేసి చూడాలనుకుంటున్నాం. మాకు ప్రాంగణం చూపించిన అక్కకు కూడా నా ధన్యవాదాలు చెప్పగలరా? రోబోటిక్స్ గదిలో తను చెప్పిన విషయాలు నాకు బాగా నచ్చాయి. ఇట్లు...”

ఈ లేఖలో తన గొప్పలు లేవు, పతకాల ప్రస్తావన లేదు, సీటు కావాలన్న మాట కూడా లేదు. అయినా చదివినవారికి ఈ పిల్ల ఒక ప్రశ్న ఇస్తే దాన్ని ఇంటికి పట్టుకుపోతుందని తెలుస్తుంది. మీ అమ్మాయికి గవ్వల ఉదంతం లాంటిది లేకపోవచ్చు. గ్రంథాలయంలో కిటికీ పక్కన కూర్చునే చోటు నచ్చిందని రాసినా చాలు, అది నిజమైతే. ఏమీ తోచకపోతే లేని ఉత్సాహం తెచ్చిపెట్టుకోకుండా మూడు వాక్యాలతో ముగించమనండి. ఇంటర్వ్యూలో ఏదైనా పంపుతానని మాట ఇచ్చి ఉంటే, అది ఒక కథ కావచ్చు, సైన్సు ప్రాజెక్టు లింకు కావచ్చు, ఆ ఒక్కదాన్ని జతచేయవచ్చు. అడగని ధ్రువపత్రాలు జతచేయవద్దు. పొరపాటున తప్పుడు సమాచారం చెప్పి ఉంటే, ఉదాహరణకు సంగీతం ఎన్నేళ్ళుగా నేర్చుకుంటోందో తప్పు చెప్పి ఉంటే, ఒక వాక్యంలో సరిదిద్దడం మంచిదే.

తల్లిదండ్రుల లేఖ అమ్మాయి లేఖ కంటే చిన్నదిగా ఉండాలి. మీ సంభాషణలో మీకు ఉపయోగపడిన ఒక విషయాన్ని పేర్కొని ధన్యవాదాలు చెప్పండి. “వారాంతాల్లో ఇంటికి దూరంగా ఉండే పిల్లల బాగోగులు ఎవరు చూస్తారన్న మా ప్రశ్నకు మీరు ఓపికగా, దాపరికం లేకుండా సమాధానం చెప్పారు. మా కుటుంబంలో హాస్టలుకు పంపే మొదటి బిడ్డ ఈమె కాబట్టి ఆ మాటలు మాకు ఎంతో ధైర్యాన్ని ఇచ్చాయి” అని రాస్తే చాలు. అమ్మాయి ప్రతిభ గురించి ఇందులో రాయవద్దు. దానికి తల్లిదండ్రుల ప్రకటన అనే వేరే పత్రం ఉంది, మీరు అది ఇప్పటికే రాసి ఉంటారు. ఆర్థిక సహాయం సంగతి కూడా ఇక్కడ ఎత్తవద్దు, దాని దరఖాస్తు, దాన్ని చూసే వ్యక్తులు సాధారణంగా వేరుగా ఉంటారు. విరాళం మాట పొరపాటున కూడా రాకూడదు. దంపతులిద్దరూ మాట్లాడి ఉంటే ఇద్దరి పేర్లతో ఒకే లేఖ పంపండి. తండ్రి ఒకటి, తల్లి ఒకటి, అమ్మమ్మ ఒకటి పంపిన కుటుంబాలు కూడా ఉన్నాయి. అంత ప్రేమ వెనక ఆందోళనే ఎక్కువగా కనిపిస్తుంది.

సంబోధన విషయంలో మన అలవాట్లు కొన్ని ఇక్కడ కుదరవు. “రెస్పెక్టెడ్ సర్” అని గానీ “రెస్పెక్టెడ్ మేడమ్” అని గానీ ఇక్కడ రాయరు. “డియర్” తర్వాత మిస్, మిస్టర్, డాక్టర్ వంటి పదం, ఆపైన వారి ఇంటిపేరు రావాలి. ఇంటర్వ్యూ చేసిన అధికారి తనను మొదటి పేరుతో పిలవమన్నా, పిల్లలు లేఖలో ఇంటిపేరుతోనే సంబోధించడం మర్యాదగా ఉంటుంది. “కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్” వంటి కార్యాలయ భాష వద్దు. మరో ముఖ్యమైన సంగతి పేరు. మనలో ఇంటిపేరు ముందు రాసే అలవాటుంది, పాస్‌పోర్టులో ఒకలా, బడిలో మరొకలా, ఇంట్లో ఇంకొకలా పిలుపు ఉంటుంది. దరఖాస్తులో ఏ పేరు ఉందో లేఖ కింద అదే పేరు, అదే క్రమంలో ఉండాలి. పక్కన చేరదలచిన తరగతి కూడా రాయమనండి. నేను పనిచేసిన చోట, ఇంట్లో పిలిచే ముద్దుపేరుతో వచ్చిన ఒక చక్కని లేఖ ఏ ఫైలుకు చెందినదో తేల్చడానికి ఆఫీసువారు చాలాసేపు వెతకవలసి వచ్చింది.

ఈమెయిల్ చాలునా అన్న ప్రశ్నకు, చాలు. శనివారం ఇంటర్వ్యూ అయితే ఆదివారం రాసి, సోమవారం ఉదయం పంపడం చక్కగా ఉంటుంది. చేతిరాత కార్డు అందమైనదే, అమ్మాయికి అలా రాయడం ఇష్టమైతే తప్పక రాయనివ్వండి, కానీ పోస్టులో చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో జూమ్‌లో ఇంటర్వ్యూ ఇచ్చిన పిల్లలకైతే ఈమెయిలే సరైన దారి. అది అమ్మాయి సొంత ఖాతా నుంచి వెళ్ళాలి. అమెరికాలో సొంతంగా జీమెయిల్ ఖాతా తెరవడానికి 13 ఏళ్ళు నిండాలి కాబట్టి, అంతకంటే చిన్న పిల్లలైతే వారు రాసినదాన్ని తల్లి ఖాతా నుంచి, ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పి పంపవచ్చు. కిండర్‌గార్టెన్ పిల్లల విషయంలో తల్లిదండ్రులే రాస్తే సరిపోతుంది. చిరునామా ఇంటర్వ్యూ చేసినవారు ఇచ్చిన కార్డు మీదో, పాఠశాల వెబ్‌సైటులోనో ఉంటుంది. లేకపోతే ప్రవేశాల కార్యాలయం చిరునామాకు వారి పేరు పెట్టి పంపండి. లింక్డ్‌ఇన్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో వారిని వెతికి సందేశం పెట్టడం హద్దు దాటడమే అవుతుంది. ప్రాంగణం చూపించిన విద్యార్థి మైనరు కాబట్టి ఆ పిల్ల చిరునామా అడగవద్దు, పై నమూనాలో ఉన్నట్లు అధికారి ద్వారానే ధన్యవాదాలు చెప్పించండి. ఆ చిన్న కోరిక చాలా మంచి ముద్ర వేస్తుంది, ఎందుకంటే ఆ విద్యార్థిని గుర్తుపెట్టుకునేవారు తక్కువ.

కొండపల్లి బొమ్మ గురించి మీరు ఎంత ప్రేమతో అడిగారో నాకు అర్థమైంది. గురువు ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళకూడదని పెరిగినవాళ్ళం మనం. కానీ నిర్ణయం వెలువడక ముందు పంపే ఏ కానుక అయినా, ఎంత చిన్నదైనా, పుచ్చుకున్నవారిని ఇబ్బందిలో పెడుతుంది. వారు దాన్ని తిరిగి పంపాలి, లేదా పై అధికారికి చెప్పాలి, లేదా ఎవరికైనా ఇచ్చేయాలి. వీటిలో ఏది చేసినా మీ బిడ్డ పేరు ఆ ఇబ్బందితో ముడిపడుతుంది. 2019 మార్చిలో అమెరికా విశ్వవిద్యాలయాల ప్రవేశాల లంచాల కేసు బయటపడి, సంపన్న తల్లిదండ్రులు, క్రీడా శిక్షకులు కోర్టు మెట్లెక్కిన సంగతి ఈ రంగంలో ఎవరూ మరచిపోలేదు. మీ బొమ్మకూ ఆ కేసుకూ ఏ పోలికా లేదని నాకు తెలుసు, కానీ నియమం అందరికీ ఒకటే. అమ్మాయి అక్కడ చేరి ఏడాది చదివాక, దీపావళికి ఆ బొమ్మను ఆమే స్వయంగా తీసుకెళ్ళి ఇస్తే దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

వచ్చే వారం ఇంకొక డే స్కూలులో ఇంటర్వ్యూ ఉందన్నారు. మొదటి లేఖను నకలు తీసి రెండోదానికి వాడవద్దు. నకలు తీసినప్పుడే ఒక పాఠశాల పేరు మరొక పాఠశాలకు వెళ్తుంది, అలాంటి లేఖలు ప్రతి ఏడాదీ వస్తాయి. అలాగే “మీ పాఠశాలే మా మొదటి ఎంపిక” అన్న వాక్యాన్ని కృతజ్ఞతా లేఖలో వాడవద్దు. అది నిజమై, మీరు బాగా ఆలోచించి నిర్ణయించుకున్నాక, ఆ పాఠశాల అటువంటి మాటను స్వీకరిస్తుందని తెలిస్తేనే, తర్వాత విడిగా రాయవచ్చు. కొన్ని పాఠశాలలు అలాంటి లేఖలు వద్దని స్పష్టంగా చెబుతాయి. రెండు పాఠశాలలకు ఆ మాట రాయడం అబద్ధమే. దాన్ని మన పిల్లల చేత రాయించడం నాకు ఏ విధంగానూ సమ్మతం కాదు, సీటు ఎంత విలువైనదైనా సరే.

లేఖ వెళ్ళాక మౌనంగా ఉండండి. జవాబు రాకపోవచ్చు, వచ్చినా రెండు వాక్యాలే ఉండవచ్చు. పెళ్ళిచూపులయ్యాక అవతలివారి ప్రతి మాటలోనూ అర్థాలు వెతికినట్లు “మిమ్మల్ని కలవడం సంతోషం” అన్న జవాబులో అర్థాలు వెతకవద్దు, అందరికీ అదే రాస్తారు. చాలా బోర్డింగ్ పాఠశాలలు మార్చి 10న నిర్ణయాలు తెలిపి, ఏప్రిల్ 10లోగా కుటుంబాల సమాధానం కోరతాయి. డే స్కూళ్ళ తేదీలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఈ మధ్యకాలంలో మళ్ళీ రాయడానికి సరైన కారణం ఒక్కటే, దరఖాస్తులో లేని నిజమైన కొత్త సంగతి ఉండటం. చిరునామా మారడం, కొత్త మార్కుల పత్రం రావడం అటువంటివి. మార్కుల పత్రాలు అమ్మాయి ఇప్పుడు చదువుతున్న బడి నుంచి వెళ్ళడమే పద్ధతి. ఎలా ఉంది పరిస్థితి అని అడగడానికి ఫోన్ చేయవద్దు. వెయిట్‌లిస్టులో పెడితే అప్పుడు రాయవలసిన లేఖ వేరు, దానికి ఇంకా ఆసక్తి ఉందని స్పష్టంగా చెప్పడం అవసరం.

ఇంటర్వ్యూ అయి వారం దాటిపోయినవారు కూడా రాయవచ్చు, ఆలస్యానికి సంజాయిషీలు పెట్టకుండా నేరుగా ధన్యవాదాలతో మొదలుపెట్టాలి. నెల దాటితే వదిలేయండి, దానివల్ల ఏ నష్టమూ లేదు. ఏప్రిల్‌లో మీరు ఏదైనా పాఠశాలకు రాబోమని చెప్పవలసి వస్తే, ఆ తిరస్కారాన్ని పోర్టల్‌లో ఒక బటన్ నొక్కి వదిలేయకుండా ఇంటర్వ్యూ చేసిన వ్యక్తికి రెండు వాక్యాలు రాయండి. వెయిట్‌లిస్టులో ఎదురుచూస్తున్న మరొక బిడ్డకు ఆ చోటు త్వరగా అందుతుంది, రేపు మీ అబ్బాయి అక్కడ దరఖాస్తు చేయవచ్చు కూడా.

చివరిగా ఒక పని ఈ వారంలోనే చేయించండి. మీ అమ్మాయి కోసం సిఫారసులు రాసిన ఇంగ్లీషు, గణితం ఉపాధ్యాయులకూ, మార్కుల పత్రాలు పంపిన బడి ఆఫీసు ఉద్యోగికీ ఆమె చేత చెరొక చేతిరాత కార్డు రాయించండి. ఇంటర్వ్యూ చేసినవారికి అది ఉద్యోగంలో భాగం. ఈ ఉపాధ్యాయులు బడి అయ్యాక, సొంత సమయంలో కూర్చుని, మీ బిడ్డ గురించి పేజీలు నింపారు, అది కూడా తమ తరగతిలోని ఎందరో పిల్లల కోసం. వారికి కార్డు ఇవ్వడానికి ఫలితాలు వచ్చేదాకా ఆగనవసరం లేదు, ఆగకూడదు కూడా.